పాత పేరు చాలదు, పాత ప్రాణం గావాలె: ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ చెప్తున్న ముచ్చట

2026 జనవరిల ఫ్రాన్స్ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ ఒక కబురు చెప్పింది. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద సాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్‌ను బంద్ చేస్తున్నమన్నది. దాంతోని పాటు ఇంకో ఐదు ఆటలను గూడ మూలకు పెట్టింది. ఓట్లు, ధరలు, యుద్ధాల వార్తల నడుమ ఇది ఎవరికీ పట్టని చిన్న వార్త. గని మన పోరగాండ్లు జర ఆగి చూడాల్సిన సంగతి దీంట్ల ఉన్నదని నేననుకుంటున్న. ఎందుకంటె ఆ రీమేక్ పని మొదలైంది పారిస్‌ల కాదు, మన పక్క రాష్ట్రంల. పుణె, ముంబై స్టూడియోలల్ల.

తారీఖులు ఒకసారి చూడుండ్రి. 2020 సెప్టెంబర్‌ల ఈ రీమేక్ వస్తున్నదని చాటిండ్రు. 2021 జనవరిల విడుదల అన్నరు. ఆనక మార్చికి జరిపిండ్రు. ఆనక తారీఖే లేదన్నరు. 2022 మేల పనిని పుణె, ముంబై నుంచి తీసి కెనడాల ఉన్న మాంట్రియల్ స్టూడియోకు అప్పజెప్పిండ్రు. 2024 జూన్‌ల 2026ల వస్తదని మల్ల ఆశ పెట్టిండ్రు. 2026 రానే వచ్చింది, ఆట మాత్రం రాలే.

ఇప్పుడు ఇంకో దిక్కు చూద్దాం. ఇదే ప్రిన్స్ ఆఫ్ పర్షియా పేరు మీద గీ మధ్యల్నే రెండు కొత్త ఆటలు వచ్చినయి. ఒకటి ‘ద లాస్ట్ క్రౌన్’, రెండోది ‘ద రోగ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. రెండూ పాత ఆటను ఉన్నదున్నట్టు దించలే. రూపం మార్చినయి, తీరు మార్చినయి. రెండూ పూర్తయి జనం చేతికి వచ్చినయి.

పాతదాన్ని మక్కీకి మక్కీ చేద్దామని కూసున్నది ఆగిపాయె. కొత్త తీరుల చేసినయి బతికె. గిట్ల ఎందుకైంది? నా లెక్కల దీనికి జవాబు గేమ్‌ల కాడనే ఆగదు. పాత కథలు, పాత కళలు, పాత పేర్లు పట్టుకొని కొత్తగ ఏదన్న చేద్దామనుకునే ప్రతి ఒక్కరికీ పనికొస్తది.

తమ్ముని ఉరుకుడు నుంచి పుట్టిన ఆట

ముందుగాల ఈ ఆట వేరు ఎక్కడున్నదో తెల్వాలె. 1989ల జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా పోరడు ఆపిల్ 2 కంప్యూటర్ కొరకు దీన్ని చేసిండు. పెద్ద కంపెనీ బలగం లేదు. ఆట రూపం, బొమ్మలు, కోడ్ అన్నీ ఎక్కువ శాతం ఒక్కని చేతి పనే. ఆట విడుదల చేసింది బ్రోడర్‌బండ్ అనే కంపెనీ.

అప్పటిదాక గేమ్‌లల్ల మనిషి బొమ్మ అంటె నాలుగు చుక్కల డబ్బా లెక్క ఉండేది. కదిలితే కీలుబొమ్మ కదిలినట్టే ఉండేది. మెక్నర్ ఏం చేసిండంటె, తన తమ్మునికి తెల్లబట్టలు తొడిగి, ఉరికిచ్చి, దుంకిచ్చి, గోడకు యాలాడదీసి వీడియో తీసిండు. ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగ ఆపి, దాని మీద గీతలు గీసి కంప్యూటర్లకు ఎక్కిచ్చిండు. కత్తుల కొట్లాటకు 1938ల వచ్చిన రాబిన్ హుడ్ సినిమాల సీను ఆసరా అయింది. ఈ పద్ధతిని రోటోస్కోపింగ్ అంటరు. దాంతోని తెర మీది రాకుమారునికి బరువు వచ్చింది. ఉరుకుతుంటె ఒక్కసారే ఆగడు, కాలు జారి ఆగుతడు. దుంకేటప్పుడు ముందుగాల ఒళ్లు కూడదీసుకుంటడు. మీరు బటన్ లేటుగ నొక్కితే కింద ముండ్ల మీద పడి పాణం పోతది.

ఇంకో ముచ్చట. ఆట చివరిదాక వచ్చినంక మెక్నర్‌కు కొత్త శత్రువును పెట్టాలని మనసయింది. కంప్యూటర్ల జాగ లేదు. ఇయ్యాల మీ ఫోన్ల తీసే ఒక్క ఫొటోకు పట్టేంత మెమరీ గూడ ఆ కంప్యూటర్ల ఉండకపోతుండె. అందుకని రాకుమారుని బొమ్మనే జర తిప్పి, నీడ లెక్క చేసి, శత్రువుగ నిలబెట్టిండు. అద్దంల నుంచి దుంకి వచ్చే ఆ నీడ మనిషి ఇయ్యాలటికీ గేమ్‌ల చరిత్రల చెప్పుకునే పాత్ర. లేమి నుంచి పుట్టిన తెలివి అది.

ఇగ ఆట మొత్తానికి ఇచ్చిన టైము 60 నిమిషాలు. అండ్లనే జైలు నుంచి బయటపడి రాకుమారిని కాపాడాలె. కాబట్టి ఈ ఆట ప్రాణం మూడింట్ల ఉన్నది: ఒంటి బరువు, గడియారం, తప్పు చేస్తె కట్టాల్సిన ధర. పర్షియా కోటలు, తలపాగాలు, తివాచీలు ఆనక వచ్చేటివి. ఈ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండ్రి, ముందు ముందు పనికొస్తయి.

మన దిక్కు గూడ ఈ ఆటకు పాత సోపతి ఉన్నది. మండల కేంద్రాలల్ల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు కొత్తగ తెరిచిన రోజులల్ల డాస్ నేర్పుతమని పిలిస్తె, సార్ అటు పోంగనే నల్లటి తెర మీద ‘ప్రిన్స్’, ‘డేవ్’ ఆడిన తరం ఒకటున్నది. ఇప్పుడు వాళ్లే మీ అన్నలు, మీ సార్లు. గేమ్ ఎవరు చేసిండ్రో, ఎక్కడిదో వాళ్లకు తెల్వదు. ఆ దుంకుడు మాత్రం వేళ్లకు ఇంకా యాదికుంటది.

మారినప్పుడే బతికింది

పాతదాన్ని ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు ఉంచాలె అనేటోళ్లకు ఈ సిరీస్ చరిత్రనే జవాబు చెప్తది.

1999ల ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా 3డి’ వచ్చింది. ఆ కాలంల అన్ని ఆటలు త్రీడీకి మారుతున్నయి గనుక ఇదీ మారింది. పేరదే, కోటలవే. గని కెమెరా, కంట్రోల్స్ సతాయించినయి, ఆట బోల్తా కొట్టింది. రూపం మార్చిండ్రు, ప్రాణం ఎక్కిచ్చుడు మరిచిండ్రు.

2003ల మాంట్రియల్ స్టూడియో ‘ద సాండ్స్ ఆఫ్ టైమ్’ చేసింది. మెక్నర్ గూడ కథ రాసెతందుకు అండ్ల కూడిండు. ఇది గూడ త్రీడీనే. మరి ఇదెందుకు గెలిచింది? గోడల మీద ఉరుకుడు పెట్టిండ్రు, ఒంటి బరువు మల్ల వచ్చింది. అన్నిటికంటె ముఖ్యంగ, కాలాన్ని ఎనుకకు తిప్పే కత్తి ఇచ్చిండ్రు. తప్పు దుంకితే చచ్చినట్టు కాదు, ఒక్క బటన్ నొక్కితే కొన్ని గడియలు ఎనుకకు పోయి మల్ల దుంకొచ్చు. గని ఆ కత్తిల ఇసుక ఉన్నన్ని సార్లే. 1989ల ఉన్న గడియారం 2003ల ఇసుకగ మారింది. తప్పుకు ధర ఉన్నది, కట్టే పద్ధతి మారింది. గిది నిజమైన కొత్త తీరు అంటె.

ఆనక 2004ల ‘వారియర్ విదిన్’ వచ్చింది. రాకుమారుడు కోపిష్టి అయిండు, రక్తం ఎక్కువైంది, పాటలు ధన్ ధన్ మన్నయి. కొందరికి నచ్చింది, కొందరికి కడుపుల దేవినట్టయింది. 2005ల ‘ద టూ థ్రోన్స్’, 2008ల బొమ్మల పుస్తకం లెక్క గీసిన ఇంకో ఆట, 2010ల ‘ద ఫర్గాటెన్ సాండ్స్’, అదే ఏడు హాలీవుడ్ సినిమా. ఆ తర్వాత పద్నాలుగేండ్లు పెద్ద ఆట ఏదీ రాలే.

ఎందుకు రాలే? ఇంట్ల పుట్టిన ఇంకో బిడ్డ పెద్దగైంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొనసాగింపు కొరకు అనుకున్న ఆలోచననే మారి మారి 2007ల ‘అసాసిన్స్ క్రీడ్’ అయింది. అది కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. గోడలెక్కుడు, కప్పుల మీద ఉరుకుడు అన్నీ అది తీసుకపోయింది. కంపెనీ పైసలు, మనుషులు అటే పోయినయి. రాకుమారుడు సొంతింట్లనే చుట్టం లెక్క మిగిలిండు.

పక్కకు తిరిగి నిలబడ్డ ‘లాస్ట్ క్రౌన్’

2023 జూన్‌ల ‘ద లాస్ట్ క్రౌన్’ మొదటి ట్రైలర్ వచ్చినప్పుడు పాత అభిమానులు చానమంది పెదవి విరిచిండ్రు. ఎందుకంటె అది త్రీడీ మహా ఆట కాదు. 1989ల లెక్కనే పక్క నుంచి కనవడే ఆట. హీరో రాకుమారుడు గూడ కాదు, సర్గోన్ అనే యోధుడు. రాకుమారుణ్ని ఎవరో ఎత్తుకపోతె ఎతికెతందుకు కాఫ్ కొండకు పోతడు. ‘ఇదేం ప్రిన్సు, గిదేం పాట’ అన్నరు.

2024 జనవరి 18న ఆట వచ్చినంక మాట మారింది. ఆడినోళ్లు మెచ్చుకున్నరు, విమర్శకులు మెచ్చుకున్నరు. ఎందుకు మెచ్చుకున్నరో జర లోపలికి పోయి చూద్దాం.

ఈ ఆట చేసింది ఫ్రాన్స్‌ల మాంట్‌పెలియర్ స్టూడియో. ‘రేమన్’ ఆటలు చేసి, పక్క నుంచి కనవడే ఆటలల్ల చెయ్యి తిరిగినోళ్లు. తమకు చేతనైన పనినే ఎంచుకున్నరు. వాళ్లు తీసుకున్న పద్ధతిని మెట్రాయిడ్‌వేనియా అంటరు. ‘మెట్రాయిడ్’, ‘కాసిల్‌వేనియా’ అనే రెండు పాత ఆటల పేర్లు కలిపి అట్ల పిలుస్తరు. సులువుగ చెప్పాలంటె, ఒకటే పెద్ద కోట ఉంటది, అండ్ల వంద తలుపులు. కొన్ని ఇప్పుడే తెరుచుకుంటయి, కొన్ని కొత్త విద్య వస్తెనే తెరుచుకుంటయి. మీరు ముందుకు పోతరు, విద్య నేర్చుకుంటరు, మల్ల ఎనుకకు వచ్చి అప్పుడు దాటని గోడ ఇప్పుడు దాటుతరు.

గిట్లాంటి ఆటలల్ల ఒక పాత బాధ ఉంటది. ఏ తలుపు ఎక్కడ మూసి ఉన్నదో మరిచిపోతం. లాస్ట్ క్రౌన్‌ల దానికి మందు పెట్టిండ్రు. మీరు నిలబడ్డ కాడ ఫొటో తీసి మ్యాప్ మీద అంటిచ్చుకోవచ్చు. ఆనక చూసుకుంటె ‘అగో, గీడ గీ గోడ మిగిలింది’ అని యాదికొస్తది. చిన్న సంగతే. గని ఆ తర్వాత గిట్లాంటి ఆట ఏది వచ్చినా ఇది ఉంటె బాగుండు అనిపిచ్చే సంగతి. 2024 గేమ్ అవార్డ్స్‌ల అందరికీ అందుబాటుగ ఆట చేసినందుకు ఇచ్చే అవార్డు గీ ఆటకే వచ్చింది.

మరి ప్రాణం సంగతి? ఒంటి బరువు ఉన్నది, దుంకుడు, జారుడు, గాలిల మలుపు అన్నీ వేళ్లకు తెలుస్తయి. కాలం ఉన్నది, సర్గోన్ తన నీడను ఒక కాడ విడిచి, మల్ల అక్కడికే క్షణంల తిరిగి రాగలడు. 1989ల నీడ శత్రువు, 2024ల నీడ తోడు. తప్పుకు ధర ఉన్నది. మూడూ ఉన్నయి. పేరు చూసి కాదు, ఈ మూడు చూసి నేను దీన్ని ప్రిన్స్ ఆఫ్ పర్షియా అంటున్న.

35 ఏండ్లకు సొంత బాస

ఈ ఆటల నాకు అన్నిటికంటె ఎక్కువ నచ్చింది ఇంకొకటి ఉన్నది. పర్షియా పేరు పెట్టుకొని 1989 సంది ఆటలు వచ్చినయి. గని ఆ ఆటలల్ల మనుషులు ఎన్నడూ పర్షియన్ బాస మాట్లాడలే. ఇంగ్లీష్ మాట్లాడిండ్రు, ఫ్రెంచ్ మాట్లాడిండ్రు. లాస్ట్ క్రౌన్‌ల మొట్టమొదటిసారి పాత్రలన్నీ పర్షియన్‌ల మాట్లాడే ఏర్పాటు చేసిండ్రు. సంగీతానికి గారెత్ కోకర్‌తోని పాటు మెంట్రిక్స్ అనే ఇరాన్ మూలాల సంగీతకారిణిని తీసుకున్నరు. కథల సీముర్గ్ పక్షి, కాఫ్ కొండ, ఇవన్నీ ఆ నేల మీద తరతరాల నుంచి చెప్పుకునే ముచ్చట్లే.

యాస గురించి ఎరుక ఉన్నోళ్లం మనం. మన మాటను సినిమాలల్ల చాన ఏండ్లు రౌడీకి, నవ్వించేటోనికి మాత్రమే పెట్టిండ్రు. హీరో మన యాసల మాట్లాడుడు మొన్న మొన్నటి ముచ్చట. కాబట్టి ఒక ఇరాన్ పోరనికి తన బాసల ఆ ఆట వినవడితె ఎట్లుంటదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఒకల ఊరు పేరు, కోట, తలపాగా వాడుకుంట వాళ్ల మాటను మాత్రం బయట నిలబెట్టుడు మర్యాద కాదు. పాత సిరీస్‌ను కొత్తగ లేపుడంటె బొమ్మలకు మెరుగు పెట్టుడు ఒక్కటే కాదు, అప్పుడు చేసిన బాకీని ఇప్పుడు తీర్చుడు గూడ.

పేరొచ్చింది, పైసలు రాలే

ఇంత మంచిగ ఉంటె కథ సుఖాంతం కావాలె. కాలే. 2024 అక్టోబర్‌ల లాస్ట్ క్రౌన్ చేసిన టీమును విడగొట్టిండ్రని వార్తలు వచ్చినయి. అనుకున్నంత అమ్ముడుపోలేదని, రెండో భాగం అడిగితె ఒప్పుకోలేదని ఆ వార్తల సారం. టీములోళ్లు వేరే ప్రాజెక్టులకు పోయిండ్రని కంపెనీ గూడ ఒప్పుకున్నది.

కంపెనీ దిక్కు నుంచి గూడ జర ఆలోచిద్దాం. వందల మంది జీతాలు, ఏండ్ల పని. మెచ్చుకోలుతోని జీతాలు రావు. ఆట ధర 50 డాలర్లు పెట్టిండ్రు. గిట్లాంటి పక్క చూపు ఆటలు చిన్న స్టూడియోలు అండ్ల సగానికి, ఇంకా తక్కువకు అమ్ముతయి. ‘గింత చిన్న ఆటకు గంత ధరా’ అని కొనెటోళ్లు ఆగిండ్రు. పెద్ద కంపెనీ చిన్న ఆట చేస్తె వచ్చే చిక్కు ఇదే. ఖర్చు పెద్దింటిది, గిరాకి చిన్న దుకాణంది.

గని ఇంకో మాట గూడ చెప్పాలె. మంచి ఆటకు జనం మెల్లగ జమైతరు. 1989ల మొదటి ప్రిన్స్ గూడ ఎంటనే అమ్ముడుపోలే. ఆపిల్ 2 కంప్యూటర్ కాలం అప్పటికే ముగుస్తున్నది. ఆనక డాస్‌కు, మిగిలిన కంప్యూటర్లకు వచ్చినంకనే లోకమంత పాకింది. ఆనాడు మూడు నెలల లెక్క చూసి మూసేస్తె, మన ఇన్‌స్టిట్యూట్లల్ల నల్లటి తెర మీద ఆ దుంకుడే ఉండకపోతుండె. లాస్ట్ క్రౌన్ 2025 ఏప్రిల్‌ల ఆండ్రాయిడ్, ఐఫోన్లకు వచ్చింది. మొదటి భాగం ఉచితంగ ఆడి చూసి, నచ్చితెనే కొనొచ్చు. పీసీ, ప్లేస్టేషన్ లేని మనసొంటోళ్ల చేతికి వచ్చింది అప్పుడే. అప్పటికి చేసిన టీము చెదిరిపోయింది.

మనోళ్ల మీద పడ్డ మచ్చ

ఇప్పుడు పుణె, ముంబై ముచ్చటకు వద్దాం. 2020ల రీమేక్ ట్రైలర్ చూసి లోకమంత నవ్విండ్రు. బొమ్మలు పాతకాలంవి లెక్క ఉన్నయన్నరు. ఆ మాట తప్పు కాదు, ట్రైలర్ బాగలేకుండె. గని దాంతోని ఆగలే. ‘ఇండియోళ్లకు ఇస్తె గింతే’ అనే మాటలు చానమంది రాసిండ్రు. మనోళ్లు గూడ అదే మాట అన్నరు, అదే నాకు బాధ.

జర సోచాయించుండ్రి. మనోళ్ల చేతగానితనమే అసలు కారణమైతె, 2022ల పని మాంట్రియల్‌కు పోయినంక బాగుపడాలె గద? 2003ల అసలు ఆట చేసిన ఇల్లే అది. అక్కడ గూడ మూడేండ్లకు పైగ పని జరిగింది. చివరికి కంపెనీ ఏమన్నది? అనుకున్నంత నాణ్యత రాలేదు, ఇంకా టైము, పైసలు పెట్టలేం అన్నట్టే చెప్పింది. పుట్టింటోళ్లకే చేతగాని పనికి పుణె పోరగాండ్లను ఒక్కళ్లనే ఎట్ల నింద చేస్తం?

నా లెక్కల తప్పు ఆ పనిల ఉన్నది. అందరి యాదిల ఉన్న ఆటను ‘అట్లనే ఉండాలె, కొత్తగ గూడ ఉండాలె’ అని చెయ్యమనుడు కష్టం. సినిమా రీమేక్‌లు మీకు ఎరుకే. సీను సీను దించితె ‘పాతదే నయం’ అంటరు, మారిస్తె ‘ఖరాబ్ చేసిండ్రు’ అంటరు. లాస్ట్ క్రౌన్ టీముకు సొంత ఆట చేసే స్వేచ్ఛ ఉండె. రీమేక్ టీముకు ఒకల ఇంటికి సున్నం ఏసే పని దొరికింది. సున్నం ఎంత మంచిగ ఏసినా ఇల్లు వాళ్లదే. గోడ బీటిస్తె మాత్రం మాట సున్నమేసినోనికి పడతది.

దీనికి పక్కనే ఇంకో ఉదాహరణ ఉన్నది, అదీ అదే పుణెల, అదే 2020ల. నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న స్టూడియో ‘రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్’ అనే ఆట విడుదల చేసింది. తమ్ముణ్ని ఎతుక్కుంట పోయే ఒక ఆడపిల్ల కథ. గోడల మీద ఉరుకుడు, స్తంభాలెక్కుడు చూస్తె ప్రిన్స్ ఆఫ్ పర్షియా యాదికొస్తది. గని కోట మనది, దేవుళ్లు మనోళ్లు, బొమ్మలాట తీరుల కథ చెప్పుడు మనది. జనం నుంచి చందా తీసుకుందామని మొదలు చేసిన ప్రయత్నం బోల్తా కొట్టింది, అయినా పట్టు విడువలే. ఆ ఏడు గేమ్ అవార్డ్స్‌ల తొలి ఆటల జాబితాలకు నామినేట్ అయింది. కొట్లాటల లోపాలున్నయి, ఆట జల్ది అయిపోతది. అయినా ఒకటే ఊర్ల, ఒకటే ఏడుల రెండు ఫలితాలు. చేతులు మనయే. ఒక కాడ పెత్తనం మనది కాదు, ఇంకో కాడ మనది.

జనం నడుమ కూసుండి చేసిన ఆట

‘ద రోగ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఇంకో దారి పట్టింది. యూబీసాఫ్ట్ దీన్ని తాను చెయ్యకుంట, ఫ్రాన్స్‌ల బోర్డో ఊర్ల ఉన్న ఈవిల్ ఎంపైర్ అనే చిన్న స్టూడియోకు ఇచ్చింది. ‘డెడ్ సెల్స్’ ఆట మీద ఏండ్లు పని చేసినోళ్లు. చచ్చిన ప్రతిసారి మొదటి నుంచి ఆడాలె, దారులు మారుతుంటయి. దీన్ని రోగ్‌లైట్ అంటరు.

2024 మేల సగం తయారైన ఆటనే తక్కువ ధరకు జనానికి ఇచ్చిండ్రు. అదే నెల ‘హేడిస్ 2’ అనే పెద్ద ఆట దిగుతె, పోటీ పడకుంట కొన్ని రోజులు ఎనుకకు జరిగిండ్రు. సిగ్గు పడలే, నవ్వుకుంటనే చెప్పిండ్రు. ఆడినోళ్లు రాకుమారుని రూపం బాగలేదంటె బొమ్మల తీరు మార్చిండ్రు. 2025 ఆగస్టుల పూర్తి ఆట ఇచ్చిండ్రు. రీమేక్ ఐదేండ్లు తలుపులేసుకొని చేస్తె ఆగిపాయె. ఇది ఏడాదికి పైగ జనం నడుమ కూసుండి చేస్తె పూర్తాయె. ఒంటరిగ వండి ఒక్కసారే వడ్డిచ్చుడు కంటె, ఉప్పు చూడుండ్రి అని అడిగి వండుడు నయం.

మనం ఏం పట్టుకోవాలె

‘తాతలు నేతులు తాగిండ్రు, మా మూతులు వాసన చూడుండ్రి’ అని సామెత. పెద్ద కంపెనీలు ఇప్పుడు చేస్తున్నది అదే. కొత్త ఆలోచనకు పైసలు పెట్టాలంటె భయం, అందుకని పాత పేరు బయటకు తీస్తున్నరు. పేరు తీసుడు తప్పు కాదు. ఆ పేరుకు ప్రాణం ఎక్కడున్నదో తెల్వకుంట తీసుడే తప్పు. ఇగ నుంచి ఏ పాత ఆట మల్ల వస్తున్నదని విన్నా, నేను మూడు ప్రశ్నలు అడుగుత. పాతదాంట్ల జనం పట్టుకున్న అసలు సంగతి ఏంది? దాన్ని ఇప్పటి మనుషులకు అందిచ్చెతందుకు ఏం మార్చిండ్రు? చేసేటోళ్లకు సరైన టైము, పెత్తనం ఇచ్చిండ్రా? మూడింటికి జవాబు ఉంటెనే పైసలు పెట్టుండ్రి. ట్రైలర్ చూసి ముందుగాలనే బుక్ చేసుకునుడు వద్దు.

గేమ్‌లు చేద్దామని మనసున్న పోరగాండ్లు, పిల్లలు మన ఊర్లల్ల గూడ ఉన్నరు. ఇంట్ల చెప్తె తిడతరు. ఎందుకంటె గేమ్ అంటె పత్తాలు, బెట్టింగ్, అప్పులు అనే పేరు పడ్డది. ఆ భయానికి కారణం ఉన్నది. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపెతందుకు 2025 ఆగస్టుల పార్లమెంటే చట్టం చేసింది. గని కథ చెప్పే ఆట వేరు, జేబు కొట్టే ఆట వేరు. ఆ తేడా అమ్మానాన్నలకు మీరే చెప్పాలె, చేసి చూపాలె.

చేసుడు గూడ అందని పని కాదు. గోడో అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తది. మెక్నర్ చేసినట్టే, మీ తమ్ముణ్నో చెల్లెనో ఒర్రె దాటిచ్చి, గట్టు మీద ఉరికిచ్చి ఫోన్ల వీడియో తియ్యుండ్రి. ఫ్రేము ఫ్రేము ఆపి గీయుండ్రి. మొదటి ఆట ఒక మనిషి, ఒక దుంకుడు, ఒక గుంత. అంతే చాలు. ఆ దుంకుడు వేళ్లకు బాగ అనిపిచ్చిందాక దాన్నే చెయ్యుండ్రి.

కథల కరువు మనకు లేదు. చేర్యాల పటం చూడుండ్రి. చుట్ట విప్పుకుంట పోతుంటె బొమ్మ తర్వాత బొమ్మ వస్తది, పక్కన నిలబడి ఒకలు కథ చెప్తరు. తెర జరుగుతుంటె కథ నడిచే ఆట కంప్యూటర్ రాకముందే మన నకాషోళ్ల చేతిల ఉండె. ఒగ్గుకథ ఉన్నది, చిందు భాగోతం ఉన్నది. గని ఒక్క మాట. వాటిని గూడ పేరుకు, బొమ్మకు వాడుకుంటె పుణె రీమేక్‌కు అయిన గతే అయితది. ఒగ్గు కథకుడు కథ నడుమల ఆగి, పక్కనోనితోని పరాచకమాడి, జనాన్ని నవ్విచ్చి మల్ల కథలకు గుంజుతడు చూడుండ్రి, దాని ప్రాణం ఆడ ఉన్నది. దాన్ని ఆటలకు ఎట్ల తెస్తరో సోచాయించుండ్రి. ఆ పాత్రలు మన యాసలనే మాట్లాడాలె. పర్షియా రాకుమారునికి సొంత బాస దొరికెతందుకు 35 ఏండ్లు పట్టింది. మన ఆట మనమే చేసుకుంటె మొదటి రోజు నుంచే మన మాట వినవడతది.